ఐసు మీద చల్లిన ఉప్పు

ఎలుకకు సూది గుచ్చితే అది నిద్రపోతుందని చెబితే మా బిట్రగుంట రైల్వే కాలనీలో ఎవరూ నమ్మేవారు కాదు. "నీకే నిద్ర పట్టి ఉంటాదిలే సుగుణక్కా" అని నవ్వేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఒళ్ళో గుడ్డలో చుట్టిన ఎలుక వెచ్చగా ఊపిరి తీస్తుంటే, కిటికీలోంచి ఉప్పుగాలి వస్తుంటే, మెలకువగా ఉండడానికి మనిషన్నవాడు చాలా గట్టివాడై ఉండాలి. నేను అంత గట్టిదాన్ని కాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఒక కాలేజీ ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. ఎలుకల గది నా చేతికింద ఉండేది. కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఏం నేర్చుకోవాలి మేడమ్ అని అడుగుతుంటారు. యంత్రాల సంగతి వాటితో వచ్చే పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకంలో ఉండనిది ఒకటి నాకు తెలుసు. అది నా తప్పు గనుక నేనే చెప్పాలి.

ఎలుకల గది

ముందు పని చెబుతాను, తప్పు తర్వాత. ఎలుకల గదిలోకి వెళ్ళేటప్పుడు అత్తరు పూసుకోవద్దు. కోపంతో వెళ్ళొద్దు. పొద్దున ఇంట్లో మీరెవరితో గొడవపడ్డారో చుట్టుపక్కల మనుషులకు తెలియకపోవచ్చుగానీ ఎలుకకు తెలుస్తుంది. నేను చర్చిలో పాడే పాటలే అక్కడ సన్నగా పాడుకునేదాన్ని. నా గొంతు వినగానే చెవులు ఇటు తిప్పేవి. మా సంఘంలో నా పాటకు అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

తెల్ల ఎలుకను పట్టుకోవడానికి బలం అక్కర్లేదు. వెనకనుంచి అరచేయి కిందకు పోనిచ్చి, అది తన బరువును తానే మీ చేతిలో పెట్టేదాకా ఆగాలి. తొందరపడేవాళ్ళను కరుస్తుంది, కరవాలి కూడా. నన్ను మొదటి ఏడాది నాలుగుసార్లు కరిచాయి. నాలుగుసార్లూ తప్పు నాదే.

చివరికి వాటి ప్రాణం తీసేది కూడా మనమే. ఈ మాటను చుట్టి చెప్పేవాళ్ళను నేను నమ్మను. మత్తిచ్చి, నొప్పి తెలియకుండా తీస్తాం. అయినా తీస్తాం. పాట పాడిన నోటితోనే ఆ పనికి సిద్ధం కావాలి. అది చేతకాదనిపిస్తే వేరే ఉద్యోగం చూసుకోండి. అసలేమీ అనిపించకపోతే తప్పకుండా వేరే ఉద్యోగం చూసుకోండి.

సారు మోకాలు

మా రాఘవయ్య సారుకు మోకాలి నొప్పి ఉండేది. శరీరధర్మశాస్త్రం చెప్పే ప్రొఫెసరు, మెట్లెక్కాలంటే రెయిలింగు పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగేవారు. ఎవరో చెబితే మద్రాసు వెళ్ళి ఆక్యుపంక్చర్ చేయించుకున్నారు. మూడు నెలల్లో రెయిలింగు వదిలేశారు. ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. తానే ఆ విద్య నేర్చుకుని వచ్చి, "సుగుణమ్మా, ఈ సూది లోపల ఏం చేస్తా ఉండాదో చూడాల గదా" అన్నారు.

లోపల అంటే చాలా లోపల. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని వందల కొద్దీ చిన్న చిన్న పొయ్యిలుంటాయి. తిన్నది అక్కడ ఆక్సిజన్‌తో మండి శక్తిగా మారుతుంది. పొగ ఉండదు, మంట కనబడదు. సూది పెట్టిన ఎలుకలో ఈ పొయ్యిలు బాగా మండుతాయా అన్నదే సారు ప్రశ్న. నాకు ఆ మాట వినగానే నచ్చింది. ఎన్నో మధ్యాహ్నాలు ఒళ్ళో ఎలుకను పెట్టుకుని, దాని కాలేయంలో లక్షల పొయ్యిలు చడీచప్పుడూ లేకుండా వెలుగుతున్నట్టు ఊహించుకుంటూ కూచున్నాను. కళ్ళు మూసుకుంటే నా లోపలివి కూడా తెలుస్తున్నట్టుండేది.

ఈ పని మీద పిహెచ్‌డీకి చేరింది ప్రశాంతి. కోవూరు అమ్మాయి, వాళ్ళది వరి సేద్యం చేసే ఇల్లు. సన్నటి వేళ్ళు, గట్టి మనసు. రోజూ మధ్యాహ్నం ఆరు ఎలుకలకు మోకాలి కింద, పిక్కకు బయటి పక్క, వెంట్రుకంత సూది పెట్టేది. ఇరవై నిమిషాలు. ఇంకో ఆరింటిని అలాగే గుడ్డలో చుట్టి, అంతసేపే పట్టుకునేవాళ్ళం, సూది మాత్రం పెట్టం. తేడా వస్తే అది సూదివల్లే రావాలి, మా చేతుల వెచ్చదనం వల్ల కాదని సారు ఏర్పాటు. ఆ విషయంలో ఆయన్ను మెచ్చుకోవాలి.

సూది పడ్డాక రెండు నిమిషాలకు ఎలుక మీసాలు ఆడడం ఆగేది. కళ్ళు సగం మూతపడేవి. ప్రశాంతీ నేనూ మాట్లాడుకునేవాళ్ళం కాదు. సముద్రం అక్కడికి దూరమే, అయినా ఆ నిశ్శబ్దంలో అల వినబడినట్టే ఉండేది. నా ఉద్యోగం మొత్తంలో నేను బాగా సుఖపడ్డ గంటలు అవే.

కోటమ్మ ఐసు

రెండు వారాలయ్యాక పొద్దున్నే అసలు పని. కాలేయం తీసి, నూరి, అందులోంచి మైటోకాండ్రియాను వేరుచేయాలి. మొదటినుంచి చివరిదాకా ఐసులోనే జరగాలి. వెచ్చబడితే అవి పాడవుతాయి. మా ఐసు యంత్రం పాడై చాలాకాలమైంది. అందుకని బోగోలు తీరంనుంచి కావలి మార్కెట్టుకు చేపల ఆటోలో వెళ్ళే కోటమ్మ, మా గేటు దగ్గర ఒక గోనెసంచి ఐసు దించి పోయేది. పడవల కోసం ఫ్యాక్టరీలో చేసే ఐసు అది. విజ్ఞానశాస్త్రానికి, వంజరం చేపకు ఒకటే ఐసు.

కోటమ్మకు నేనంటే అభిమానం. సంచి దించి, నా ముఖం చూసి, "ఏందిమే అట్టుండావు, తిన్నావా లేదా" అని అడగందే పోదు. ఒకరోజు నేను, పదిన్నరకల్లా ఐసు నీళ్ళయిపోతోందని వాపోయాను.

"కల్లుప్పు చల్లుమే. మేం పెట్టెల్లో చల్లేది అందుకే గదా. మధ్యాన్నం దాకా చలి పట్టుకోనుంటాది" అంది.

మా వీధిలో చేపలమ్మే ప్రతి ఆడమనిషీ చేసే పనే. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మర్నాడు ఇంట్లోంచి ఒక డబ్బాలో కల్లుప్పు తెచ్చి బల్ల కింద పెట్టుకున్నాను.

ఇప్పుడు ఒక్కటి గమనించండి. పొద్దున ఐసు గట్టిగా ఉన్నప్పుడు సూది ఎలుకలవి మూడు ముందు చేసేవాళ్ళం. వాటిని తాజాగా చూడాలని సారు మాట. అవి మూడూ అయ్యాక సూది పెట్టనివి మూడు. రోజుకు ఆరు చొప్పున రెండు రోజుల పని. సూది లేనివాటి వంతు వచ్చేసరికి ఐసు కరిగిపోతుండేది. అప్పుడు నేను గుప్పెడు ఉప్పు చల్లేదాన్ని. ఎవరూ చల్లమనలేదు, ఎవరికీ చెప్పలేదు. బల్ల తుడవడం ఎవరికైనా చెబుతామా? ఇదీ అలాంటిదే అనుకున్నాను.

మెట్టు

వేరుచేసిన మైటోకాండ్రియాను ఒక చిన్న గాజు గదిలో పెట్టి, అవి ఆక్సిజన్ తాగే వేగాన్ని చూస్తాం. మా పాత యంత్రంలో కలం కాగితం మీద గీత గీస్తుంది. పొయ్యికి పని చెప్పే మందు ఒక చుక్క వేయగానే గీత గబుక్కున కిందికి దిగుతుంది, పని అయిపోగానే మళ్ళీ నిదానిస్తుంది. ఆ దిగుడునే మేం మెట్టు అనేవాళ్ళం. మెట్టు నిటారుగా ఉంటే పొయ్యిలు ఆరోగ్యంగా ఉన్నట్టు. అసలు మెట్టే లేకుండా ఏటవాలుగా జారిపోతే గోడలు పగిలినట్టు.

మొదటి విడతలో సూది ఎలుకల మెట్టు చూసి ప్రశాంతి ఊపిరి బిగబట్టింది. సూది లేనివాటికి మెట్టు సగం కూడా లేదు. సారు ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. తిరుపతిలో ఒక సభలో ఈ సంగతి చెప్పి వచ్చారు. ఇంకో విడత ఇలాగే వస్తే ప్రశాంతి థీసిస్ రాసెయ్యొచ్చన్నారు. ఆ ఏడాదితో ఆమె గడువు అయిపోతుంది.

రెండో విడత సమయానికి వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డెక్కాయి, ఐసు ఫ్యాక్టరీ మూశారు. సారు ఎక్కడో అడిగి ఒక చిన్న ఐసు యంత్రం తెప్పించారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఐసు. ఉప్పు డబ్బా సంగతే నేను మరిచాను.

ఈసారి మెట్లన్నీ ఒకేలా వచ్చాయి. పన్నెండు ఎలుకలు, పన్నెండు మెట్లు. సూది ఉన్నదేదో లేనిదేదో కాగితం చూసి చెప్పలేం.

మేం ముగ్గురం ఒక సంగతి చూడలేదు. సూది ఎలుకలు తగ్గలేదు, సూది లేనివి పెరిగాయి. రెండు విడతల కాగితాలూ పక్కపక్కన పెడితే ఇంటర్ చదివే పిల్లలు కూడా చెబుతారు. కానీ మేం పోయినదాన్ని వెతుక్కుంటున్నాం. పోయింది తేడా. దాని వెంటే పడ్డాం.

"నీ చెయ్యి కుదరలా ప్రశాంతీ. చోటు తప్పుతా ఉండావు. ఈసారి ఇంకాస్త లోతుగా, రెండు కాళ్ళకూ పెట్టు" అన్నారు సారు. ఆయన మంచివారు, అబద్ధమాడేవారు కారు. కానీ మోకాలు నయమైన మనిషికి సూది తప్పంటే ఎలా తోస్తుంది? చెయ్యే తప్పు కావాలి.

భోజనం వేళ ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరుపుకుని, తన పిక్క మీద తానే సూదులు పెట్టుకుని చోటు సాధన చేస్తూ కనబడింది. కాలంతా చిన్న చిన్న నల్లమచ్చలు. "నొప్పి లేదులే అక్కా, నిద్రొస్తా ఉండాది" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. మూడో విడత ఎలుకలకు సూదులు మొదలుపెట్టింది.

పది రోజులు

నిషేధం అయిపోయాక మొదటి శనివారం కోటమ్మ దగ్గర చేప కొందామని వెళ్ళాను. పెట్టెలో అడుగున ఉన్న వంజరాన్ని తాకితే ఒక పక్క రాయిలా ఉంది.

"అది నీకొద్దులే" అని పక్కకు తోసింది కోటమ్మ. "ఉప్పు ఎక్కువ తగిలిన చోట గడ్డ కట్టేసినాది. కరిగినాక పిండి పిండి అయిపోతాది. కూరలో ముక్క నిలవదు."

నా చేయి ఐసులోనే ఉండిపోయింది.

ఐసు చలికి ఒక హద్దుంది. ఉప్పు పడితే ఆ హద్దు దాటి ఇంకా కిందికి పోతుంది. చల్లగా ఉండాల్సినవి గడ్డకడతాయి. గడ్డకట్టిన పొయ్యి గోడ పగులుతుంది. మొదటి విడతలో సూది లేని ఎలుకలు నీరసంగా లేవు. వాటి పొయ్యిలను నేనే పగలగొట్టాను. సూది ఏ మేలూ చేసినట్టు మా దగ్గర రుజువు లేదు. ఉన్నదల్లా నా గుప్పెడు ఉప్పు.

మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటూ ఉంటే ఇక్కడ ఆపండి.

సోమవారం పొద్దున వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుంటే ప్రార్థన రాలేదు, కాగితం మీద గీత వచ్చింది. రిటైర్మెంటుకు ఆరు నెలలుంది. సుగుణమ్మ చేతిలో పెడితే పొరపాటు రాదన్న పేరు ఉంది నాకు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో ఆ పది రోజుల్లోనే తెలిసింది. ఉప్పు వల్లే కాకపోవచ్చులే అనుకున్నాను. ఈ విడతలో తేడా వస్తే ఎవరికీ చెప్పనక్కర్లేదులే అని కూడా అనుకున్నాను. సిగ్గుగా ఉంది గానీ అనుకున్నమాట నిజం.

మధ్యాహ్నాలు ఎప్పటిలాగే గడిచాయి. అదే గాలి, అదే నిశ్శబ్దం. ఎలుకను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ప్రశాంతి రెండు కాళ్ళకూ సూదులు పెట్టేది. ఎలుక కళ్ళు సగం మూసేది. నాకు మాత్రం నిద్ర రాలేదు. ఆ కల లాంటి గంటల్లో పడుకుని ఉండిపోవాలని, ఎవరూ లేపకూడదని కోరుకున్నాను. తొమ్మిదో రోజు ఆరు, పదో రోజు ఆరు. మత్తిచ్చింది నేనే. గీతలన్నీ ఒకేలా వచ్చాయి.

పదో రోజు సాయంత్రం ప్రశాంతి కలం మూత పెట్టి, "నాకు ఈ పని రాదేమో అక్కా. మా నాయనతో చెప్పేస్తా, వదిలేస్తా ఉండానని" అంది. ఏడవలేదు. వేళ్ళు మాత్రం చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

కారణం

పదకొండో రోజు సారు గదిలో ఇద్దరినీ కూచోబెట్టి చెప్పాను. నిలబడి చెప్పాను. ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టాను.

సారు మోకాలు రుద్దుకుంటూ కూచున్నారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. చివరికి, "నా మోకాలు తగ్గినాది, అది నిజమే. దానికి ఎలుకలు సాక్ష్యం చెప్పాల్సిన పని లేదు గదా సుగుణమ్మా" అన్నారు. సభవాళ్ళకు తాను చెప్పింది తప్పని ఆ పూటే ఉత్తరం రాశారు. తర్వాత ప్రశాంతి వైపు తిరిగి, "నీ చెయ్యి బాగానే ఉండాది తల్లీ. నేనే అనరాని మాటన్నాను" అన్నారు. తప్పు ఒప్పుకునే పెద్దవాళ్ళు నా ఉద్యోగంలో ఇద్దరే కనబడ్డారు. రెండోవారెవరో నాకిప్పుడు గుర్తు రావడం లేదు.

ప్రశాంతి ముఖంలోకి రక్తం వచ్చింది. తన చెయ్యి మంచిదే. ఇన్ని వారాల తర్వాత ఆ సంగతి తెలిసిన మనిషి ముఖం అది. నాకూ ఊరట కలిగింది, అంతా అయిపోయిందనుకున్నాను.

"మీకు ఎప్పుడు తెలిసినాది అక్కా?" అని అడిగింది, మామూలుగానే.

నిన్నే అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"పోయిన శనివారం కాదు, దాని ముందు శనివారం."

ఆమె లోపల లెక్కపెట్టుకోవడం నాకు కనబడింది. "అయితే ఈ పన్నెండూ?" అంది.

రెండో విడత కాగితాలతోనే థీసిస్ నిలబడుతుంది. సూది తేడా చేస్తుందని మా ఎలుకలు చెప్పలేదు, చెయ్యదని తేల్చేంత పెద్ద పనీ మాది కాదు. అలా రాయడం కూడా ఒక ఫలితమే, ఆమె అలాగే రాసింది, పట్టా వచ్చింది. కానీ మూడో విడత ఎలుకలు ఏ లెక్కలోకీ రావు. లోతు వేరు, కాళ్ళు వేరు. లేని తప్పును దిద్దడానికి చేసిన విడత అది. శనివారమే నేను నోరు తెరిచి ఉంటే ఆ పన్నెండూ గూళ్ళలో గింజలు తింటూ ఉండేవి.

ప్రశాంతి లేచి ఎలుకల గదిలోకి వెళ్ళి రిజిస్టరు తెచ్చింది. ప్రతి ఎలుకకూ ఒక వరుస, చివరి గడిలో అది పోవడానికి కారణం రాయాలి. జబ్బు అనో, ప్రయోగం అనో రాస్తాం. ఇన్నేళ్ళూ నేనే రాశాను. ఆ పన్నెండు గడులూ ఖాళీగా ఉన్నాయి.

"ప్రయోగం అని రాయొద్దక్కా" అంది. కోపంగా అనలేదు. కలం నా చేతికిచ్చి పక్కన నిలబడింది.

పన్నెండు గడుల్లోనూ, ఒక్కోదానిలో విడివిడిగా, 'నేను చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టాను.